ఫిలిప్పీన్స్ పల్లెల్లో మిషనరీ వారం ఎలా గడుస్తుంది? తమ్ముడికి ఇప్పటినుంచే ఏం నేర్పాలి?

గోదావరి_రాణి

అందరికీ వందనాలు. మా తమ్ముడికి కడవరి దిన పరిశుద్ధుల సంఘం తరఫున మిషన్ పిలుపు వచ్చింది. ఫిలిప్పీన్స్‌లో కవాయన్ మిషన్, రెండేళ్ళు. వాడికి ఇరవై ఏళ్ళు. బయల్దేరడానికి ఇంకా పది వారాలుంది. ఉత్తర లుజాన్‌లో ఇసబెలా ప్రావిన్స్ అనీ, చాలావరకు పల్లెలేననీ చెప్పారు.

మిషన్ అంటే పొద్దస్తమానం ప్రార్థన, బోధన అనుకుంటోంది అమ్మ. వంట ఎవరు చేస్తారు, బట్టలెవరు ఉతుకుతారు, జ్వరమొస్తే ఎవరు చూస్తారు అని అడిగితే వాడి దగ్గర జవాబు లేదు. సోమవారం నుంచి ఆదివారం దాకా అసలు ఏం జరుగుతుందో తెలిసినవాళ్ళు చెప్పండి. ఈ పది వారాల్లో వాడికి ఏం నేర్పితే అక్కడ ఇబ్బంది పడడు? ధైర్యం చెప్పే మాటలు మాకు చాలానే అందాయి. ఇప్పుడు కావాల్సింది పని వివరాలు.

---

పాత_ఎల్డర్

రాణి గారూ, సంతోషం. ముందు రోజు సంగతి, తర్వాత వారం, ఆపైన సోమవారం గురించి కాస్త ఎక్కువ చెప్తాను. పల్లెలో కుర్రాళ్ళు డీలా పడేది విశ్వాసం చాలక కాదండీ. ఉతికిన చొక్కా లేక, బియ్యం నిండుకుని, మూడో వారానికే చేతిలో డబ్బులు అయిపోయి డీలా పడతారు. ఆ మూడూ సోమవారం చేసుకోవాల్సిన పనులే.

పొద్దున 6:30కి లేవాలి. అరగంట వ్యాయామం, స్నానం, టిఫిను. 8కి ఎవరి చదువు వాళ్ళది, 9కి ఎప్పుడూ జంటగా ఉండే తోటి మిషనరీతో, అంటే కంపానియన్‌తో కలిసి చదువు, కొత్తవాళ్ళకి భాషకోసం ఇంకొంత సమయం. ఆ తర్వాత బయటికి. రాత్రి 9, 9:30కల్లా ఇల్లు చేరాలి, 10:30కి పడుకోవాలి. ఈ వేళల్ని ఊరి అలవాటుకి తగ్గట్టు కొంత జరుపుకునే వెసులుబాటు 2017 నుంచి ఉంది. పల్లెలో దాన్ని గట్టిగా వాడుకోవాలి. ఇసబెలా అంతా వరి, మొక్కజొన్న సీమ. నాట్లు, కోతలప్పుడు పొద్దున ఏడు దాటితే ఇంట్లో ఎవరూ ఉండరు. 12 నుంచి 2 దాకా ఎండకి కునుకు తీస్తారు. మనుషులు నిజంగా దొరికేది సాయంత్రం 4 నుంచి 7:30 వరకే. మరోపక్క, లోపలి బరంగాయిల నుంచి చీకటిపడ్డాక బండి దొరకడం కష్టం. బరంగాయ్ అంటే మన పంచాయతీ లాంటిది. బండి అంటే ట్రైసికిల్, మోటారుసైకిల్ పక్కన తొట్టి బిగించింది. అందుకే దూరపు ఊళ్ళు మూడింటికి మొదలుపెట్టి, చీకటిపడేసరికి ఇంటి దగ్గరి వీధులకి వచ్చేలా చూసుకోవాలి. ఈ ఒక్క లెక్క తప్పితే రాత్రిపూట ఐదారు కిలోమీటర్లు కుక్కల మధ్య నడక.

ఇక వారం. సోమవారం పి-డే, అంటే సొంత పనుల రోజు. సాయంత్రం 6కి అది ముగిసి, మళ్ళీ పనిలోకి. వారంలో ఒక పూట డిస్ట్రిక్ట్ కౌన్సిల్: చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న మిషనరీలు టౌనులో కూడి, పాఠం చెప్పడం ఒకరి ముందొకరు సాధన చేస్తారు. ఇంకో పూట రెండుమూడు గంటలు వారపు ప్రణాళిక. ఎవరింటికైనా సాయానికి వెళ్ళడం కూడా వారంలో భాగమే: నాట్లు వెయ్యడం, ఇంటికి రేకులెక్కించడం, ధాన్యం ఎత్తడం. అక్కడా కోతలయ్యాక వడ్లు తారురోడ్డు మీదే ఆరబోస్తారు. వాన మబ్బు కనబడగానే వీధివీధంతా పరుగు. ఆ పది నిమిషాల్లో పార పట్టుకుని సాయపడ్డ కుర్రాడి పేరు ఊళ్ళో అందరికీ గుర్తుంటుంది. ఆదివారం రెండు గంటల ఆరాధన, పాఠాలు. పల్లెల్లో ఉండేది చిన్న శాఖ కాబట్టి ప్రసంగం, పాట నడిపించడం, కుర్చీలు వెయ్యడం అన్నీ మిషనరీల మీద పడవచ్చు. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు ఉపవాసం. ఆరు వారాలకోసారి ట్రాన్స్‌ఫర్ వస్తుంది: ఊరైనా మారవచ్చు, కంపానియనైనా మారవచ్చు, ఏదీ మారకపోవచ్చు.

సోమవారం మొదటి పని బట్టలు. వాషింగ్ మెషీన్ ఉంటుందని అనుకోవద్దు. బాత్యా అనే వెడల్పు తొట్టి, బార్ సబ్బు, బ్రష్షు ఉంటాయి. తెల్లచొక్కా కాలరుకీ, చేతుల అంచులకీ ముందే సబ్బు రుద్ది బ్రష్షు కొట్టి, తర్వాత అరగంట నానబెట్టాలి. నానబెట్టాక రుద్దితే జిడ్డు నీళ్ళలో కలిసి మిగతా చొక్కాకి పడుతుంది. అన్నిటికన్నా ఎక్కువ చొక్కాలు పోయేది బ్లీచ్ వల్ల. చేతిపంపు నీళ్ళలో ఇనుము ఉంటే బ్లీచ్ దాన్ని తుప్పుగా మార్చి గుడ్డకి పట్టిస్తుంది. తెల్లగా అవ్వాల్సిన చొక్కా పసుపు, గోధుమరంగు మచ్చలతో తేలుతుంది. పాలియెస్టర్ కలిసిన గుడ్డ అయితే ఇనుము లేకపోయినా పచ్చబడుతుంది. మచ్చపడితే కాలమాన్సి (వాళ్ళ చిన్న నిమ్మకాయ) రసం, ఉప్పు రాసి ఓ గంట ఎండలో ఉంచి జాడిస్తే చాలావరకు వదులుతుంది. పంపు నీళ్ళు ఎర్రగా ఉన్న ఊళ్ళో ఆఖరి జాడింపుకి డ్రమ్ములో పట్టిన వాననీళ్ళు వాడతారు. చొక్కాలు పదిన్నరలోపు తీగ మీదకి ఎక్కాలి. వానాకాలంలో మధ్యాహ్నం జల్లు పడితే మర్నాటికి ముక్కవాసన ఖాయం.

రెండోది డబ్బు. తిండికీ, ప్రయాణానికీ మిషన్ ఆఫీసు నెలనెలా కార్డులో వేస్తుంది. ఎక్కువా కాదు, తక్కువా కాదు, సరిగ్గా సరిపోతుంది. తీసిన రోజే ఐదు కవర్లు చెయ్యమనండి. నాలుగు కవర్లు నాలుగు వారాలకి. ఐదోది నెలాఖరు రెండు మూడు రోజులకీ, తుపాను వచ్చి ఏటీఎం పనిచెయ్యని రోజుకీ. డబ్బు ఎక్కడ కారిపోతుందంటే సరి-సరి స్టోర్ దగ్గర. ప్రతి వీధిలో ఉండే కిటికీ కొట్టు అది. షాంపూ, నూనె, కాఫీపొడి, వెనిగర్ అన్నీ సాషేల్లో ఒక్కొక్కటే అమ్ముతారు. చేతిలో చిల్లర పోతున్నట్టే అనిపించదు, నెలకి కూడితే పెద్ద సీసా కన్నా ఎక్కువ అవుతుంది. ట్రైసికిల్ కూడా అంతే. ఒకే రోజు రెండు వైపులున్న బరంగాయిలు పెట్టుకుంటే బండి ఖర్చు రెట్టింపు. వారపు ప్రణాళికలో ఒక్కో రోజుకి ఒక్కో దిక్కు రాసుకోవాలి.

మూడోది ఇంటికి ఫోను. 2019 ఫిబ్రవరి నుంచి మిషనరీలు ప్రతి పి-డేకీ ఇంటివాళ్ళతో వీడియోలో మాట్లాడవచ్చు. అంతకుముందు ఏడాదికి రెండుసార్లే ఉండేది. ఫిలిప్పీన్స్ మనకన్నా రెండున్నర గంటలు ముందు. వాళ్ళకి పొద్దున 10 అంటే మనకి 7:30. బట్టలు తీగమీద వేశాక, బజారుకి వెళ్ళేముందు, అంటే మీ 7:30, 8 మధ్య పెట్టుకుంటే ఇద్దరికీ అనువు. ఆ వేళ గట్టిగా ఖాయం చెయ్యండి. అమ్మ ఫోను కోసం ఎదురుచూస్తుందని తెలిస్తే కుర్రాడు సిగ్నలు వెతుక్కుంటూ పి-డే సగం పోగొట్టుకుంటాడు.

---

విశాఖ_సిస్టర్

వంట సంగతి నేను చెప్తాను. రాణీ, మీ అమ్మగారికి ముందు ఈ మాట చెప్పండి: ఇసబెలా బజారులో సగం కూరలు మన ఇంట్లోవే. ఆ ఊళ్ళలో ఎక్కువమంది ఇళ్ళలో మాట్లాడేది ఇలొకానో. వాళ్ళు మరుంగ్గాయ్ అనేది మన మునగాకే. దేశమంతటా తెలిసిన భాష తగాలోగ్‌లో మలుంగ్గాయ్. పర్యా కాకరకాయ, తబుంగావ్ ఆనపకాయ, కబతీతి బీరకాయ, బలతోంగ్ పెసలు. వంకాయ, బెండకాయ, చామదుంప, తూటికూర అన్నీ దొరుకుతాయి. అన్నం మూడు పూటలా తినే ఊళ్ళే. పల్లెల్లో దొరకనివి కందిపప్పు, మినప్పప్పు, ఆవాలు, కరివేపాకు. సీలు వేసిన ప్యాకెట్లలో కారం, ఆవాలు, జీలకర్ర, కొంచెం ఇంగువ పెడితే చాలు. నూనె పచ్చడి సీసా మాత్రం వద్దు, కారిందంటే పెట్టెలోని చొక్కాలన్నీ పోతాయి.

వాడికి నేర్పాల్సింది పది కూరలు కాదు, ఒక్క కూర. పెసలు, మునగాకు. ఇద్దరికి గ్లాసుడు పెసలు రాత్రే నానబెట్టాలి. నాలుగు గ్లాసుల నీళ్ళు పోసి మూతపెట్టి ఉడికించాలి. కుక్కర్ ఉండదు కాబట్టి మామూలు గిన్నెలోనే నేర్పండి. నానితే పాతిక నిమిషాలు, నానకపోతే ముప్పావుగంట. పప్పు ఎంతసేపటికీ మెత్తబడకపోతే తప్పు పప్పుది కాదు, బోరునీళ్ళది. గట్టినీళ్ళలో పెసలు బిరుసుగానే ఉంటాయి, తాగేనీళ్ళు పోసి ఉడికించాలి. మెత్తబడ్డాక ఉప్పు. పొయ్యి కట్టేశాక గుప్పెడు మునగాకు వేసి రెండు నిమిషాలు మూత. ఆకు మరిగితే చేదెక్కుతుంది. అరడజను వెల్లుల్లి రేకలు చితక్కొట్టి, ఎండుమిర్చి, ఆవాలతో పోపు. దించాక రెండు కాలమాన్సీలు పిండాలి. అక్కడివాళ్ళు ఇదే కూరని ఎండుచేపతోనో, పంది ముక్కతోనో వండుతారు కాబట్టి, కంపానియన్ కూడా ఇష్టంగా తింటాడు. ఇద్దరు వేర్వేరుగా వండుకోవడం మొదలైందంటే ఆ ఇంట్లో మాటలు కూడా తగ్గుతాయి.

మిగిలిన అన్నం దగ్గర జాగ్రత్త. ఆ వేడికి గిన్నెలో రాత్రంతా వదిలేసిన అన్నాన్ని పొద్దున వెల్లుల్లితో వేయించి తినేస్తారు. అందులో చేరిన విషం వేయిస్తే పోదు. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. రాత్రంతా కరెంటు లేకపోతే పారెయ్యాలి, మనసు రాకపోయినా సరే.

తాగేనీళ్ళు రిఫిల్లింగ్ స్టేషన్ నుంచి ఐదు గాలన్ల క్యాన్లలో వస్తాయి, క్యానుకి 19 లీటర్లు. మనిషికి మూడు లీటర్లు, వంటకి రెండు, మొత్తం రోజుకి ఎనిమిది. అంటే వారానికి మూడు క్యాన్లు. రెండే తెచ్చుకుంటే శనివారానికి అయిపోతాయి, అప్పుడు కుర్రాళ్ళు కుళాయి దగ్గర పట్టుకు తాగేస్తారు. క్యానుని ఎండ తగిలే కిటికీ దగ్గర పెడితే లోపల పచ్చగా నాచు పడుతుంది, మూలకి పెట్టాలి.

---

గోదావరి_రాణి

విశాఖ సిస్టర్ గారూ, మునగాకు మాట చదివి వినిపిస్తే అమ్మ మొహం వెలిగిపోయింది. పాత ఎల్డర్ గారూ, బ్లీచ్ సంగతి మాకు అసలు తెలియదు, పెట్టెలో పెట్టిన సీసా తీసేశాను.

ఇంకో సందేహం. ఊళ్ళోవాళ్ళు మనవాణ్ణి ఎలా చూస్తారు? తెల్లవాళ్ళంటే మిషనరీలని తెలుసు. భారతీయుడు గుమ్మంలో నిలబడితే? భాష ఎలాగూ ట్రైనింగ్‌లో నేర్పుతారంటున్నారు, అది సరిపోతుందా?

---

తగాలోగ్_పాఠాలు

మంచి ప్రశ్న అడిగారమ్మా. దీనికి సిద్ధపడకుండా వెళ్తే మొదటి నెలే మనసు కష్టపడుతుంది.

లుజాన్ పల్లెల్లో భారతీయుణ్ణి ‘బుంబాయ్’ అంటారు. బొంబాయి నుంచి వచ్చిన మాట. మోటారుసైకిల్ మీద ఊరూరా తిరిగి దుప్పట్లు, ఫ్యాన్లు, వంటసామాను వాయిదాల మీద ఇస్తూ, చిన్నచిన్న అప్పులిచ్చి రోజువారీ వసూలు చేసుకునే పంజాబీ వ్యాపారులు అక్కడ చాలాకాలంగా ఉన్నారు. ఆ అప్పుకి ‘ఫైవ్-సిక్స్’ అని పేరు, ఐదిచ్చి ఆరు తీసుకోవడం. అల్లరి చేస్తే బుంబాయ్ ఎత్తుకుపోతాడని పిల్లల్ని బెదిరించడం కూడా ఉంది. కాబట్టి మీ తమ్ముడు గేటు దగ్గర నిలబడగానే ఇంటావిడ లోపలికి వెళ్ళిపోయిందంటే, దేవుడి మాట వద్దని కాదు, అప్పు వసూలుకొచ్చాడని అనుకుంది. మందు సులువే: మొదటి పిలుపు ఫిలిప్పీనో కంపానియన్ పిలవాలి, ఛాతీ మీద పేరు బిళ్ళ కనబడాలి, మొదటి వాక్యంలోనే ‘మిషనరీ పో కమి’ అనాలి. బుంబాయ్ అని పిల్లలు అరిస్తే కోపం తెచ్చుకోకుండా పేరు చెప్పి వాళ్ళ పేర్లడగాలి. రెండు వారాల్లో ఊరికి తెలిసిపోతుంది. ఆ పంజాబీ వాళ్ళని తక్కువ చేసి మాట్లాడి తను వేరని చూపించుకోవడం మాత్రం తప్పు. వాళ్ళ కష్టార్జితం వాళ్ళది.

తలుపు కొట్టరు, గేటు బయటి నుంచి ‘తావ్ పో!’ అని కేకేస్తారు. మాటకి మాట చెప్తే ‘మనిషినండీ’ అని. మన ఊళ్ళలో ‘ఏవండీ, ఎవరున్నారు లోపల’ అన్నట్టే. ఇలొకానో ఇళ్ళ ముందు ‘అపో!’ అన్నా చాలు. చెప్పులు గుమ్మం బయటే. పెద్దవాళ్ళ చెయ్యి అందుకుని, వంగి, ఆ చేతి వెనకభాగం నుదుటికి ఆనించుకోవడం మానో. కాళ్ళకి దణ్ణం పెట్టడం చూసి పెరిగిన పిల్లాడికి ఇది చెప్పక్కర్లేదు. తనకన్నా పెద్దవాణ్ణి మానోంగ్, పెద్దామెని మానాంగ్ అనాలి, మన అన్న, అక్క లాగా. ఇంట్లో ఆడమనిషి ఒక్కరే ఉంటే లోపల కూర్చోకూడదు, మామిడిచెట్టు కిందో అరుగు మీదో నిలబడి ఇంకో రోజు అడగాలి. ఇది మిషన్ నియమం, ఊరి మర్యాద కూడా.

భాష. ట్రైనింగ్ సెంటర్లో నేర్పేది తగాలోగ్, ఆరు వారాలకి అటూ ఇటూ. అది పునాదికే సరిపోతుంది. బడిలో, టీవీలో తగాలోగ్ వింటారు కాబట్టి అందరికీ అర్థమవుతుంది, కానీ ముసలివాళ్ళు గుండె విప్పేది ఇలొకానోలోనే. తెలుగు పిల్లలకి ఒక గొప్ప వీలుంది. ఇంగ్లీషులో ‘మనం’, ‘మేము’ ఒకటే మాట. తగాలోగ్‌లో మనలాగే రెండు: తాయో అంటే మనం, కమి అంటే మేము. అమెరికా కుర్రాళ్ళు దీని మీద నెలలు తడబడతారు. తెలుగువాడు ఇంగ్లీషు మీదుగా అనువదించుకుంటే వాడూ తడబడతాడు, తెలుగు మీదుగా వెళ్తే తప్పే రాదు. ప్రార్థనలో దేవుడితో ‘తాయో’ అనేస్తే ఆయన్నీ మనలో కలిపేసి, మన తప్పుల్లో ఆయనకీ వాటా ఇచ్చినట్టవుతుంది. ‘పో’ అంటే అచ్చంగా మన ‘అండీ’. పెద్దవాళ్ళతో ప్రతి వాక్యంలో పడాలి. కష్టం ఎక్కడంటే, వాక్యం మనకి తలకిందులు, క్రియ ముందొస్తుంది. ‘కుమాయిన్ అకో నంగ్ కానిన్’ అంటే ‘తిన్నాను, నేను, అన్నం’. మాట మొదట్లో వచ్చే ‘ఙ’ కూడా సాధన చెయ్యాలి. వాఙ్మయంలోని ఙ అక్షరమే అది. ఙయోన్ అంటే ఇప్పుడు.

ఇంకో చిక్కు ‘సిగె పో’ అనే మాట. బుధవారం వస్తామంటే ‘సిగె పో’, అలాగేనండీ అంటారు. బుధవారం వెళ్తే ఇల్లు తాళం. అబద్ధం కాదది. ఎదుటివాడి మొహం మీద కాదనడం వాళ్ళకి సిగ్గు, ఆ సిగ్గుని ‘హియా’ అంటారు. అందుకని ‘వస్తాం’ అని ఆగకూడదు. ‘నాలుగింటికా, వంటయ్యాకా? ఇంకెవరుంటారు?’ అని అడగాలి. సమయం వాళ్ళ నోటివెంట వస్తే ఉంటారు, నవ్వి ఊరుకుంటే ఉండరు. ఆ పూట పొద్దున మెసేజ్ పెట్టాలి, అదే బరంగాయ్‌లో ఇంకో రెండు ఇళ్ళు చేతిలో ఉంచుకోవాలి.

1903లో నెల్లూరు తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి పంపారు. ఆయన వెళ్ళింది అక్కడి తోటల్లో పనిచేసే తెలుగు కూలీల దగ్గరికి, చేతిలో భాష ఉంది. మీ తమ్ముడికి ఆ ఆసరా లేదు. అందుకే ఈ పది వారాల్లో రోజుకి పది మాటల చొప్పున మొదలుపెట్టించండి.

---

వార్డు_నర్సు

ఆరోగ్యం గురించి ఎవరూ రాయలేదు. మిషన్‌లో జబ్బుల్ని చూడటానికి బాధ్యులుంటారు, ఫోన్ నంబరు ప్రతి మిషనరీ దగ్గర ఉంటుంది. కుర్రాళ్ళు ఫోను చెయ్యకపోవడమే అసలు ఇబ్బంది. ‘చిన్నదే కదా’ అనుకుంటారు. నాలుగు విషయాల్లో చిన్నదనేది లేదు.

కుక్క కాటు, గీరు: సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు గడియారం చూసి కడగాలి, అదే రోజు యానిమల్ బైట్ సెంటర్‌కి. టీకాలు మొదటి రోజు, 3, 7 రోజులకి, తర్వాతివి డాక్టరు చెప్పినట్టు. రక్తం వస్తే గాయం చుట్టూ ఇచ్చే ఇంకో మందు కూడా ఉంటుంది, అది అడగాలి. ఊళ్ళో టాండోక్ అని కొమ్ముతో విషం లాగేవాళ్ళు ఉంటారు, ప్రేమతోనే తీసుకెళ్తారు. మర్యాదగా వద్దని చెప్పాలి. రేబిస్ లక్షణాలు కనబడ్డాక చేసేదేమీ ఉండదు. వెళ్ళేముందే ముందస్తు టీకా గురించి డాక్టర్ని అడగండి, టైఫాయిడ్, హెపటైటిస్-ఎ టీకాలతోపాటు.

జ్వరం: డెంగీ కాదని తేలేదాకా పారాసెటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వద్దు, రక్తస్రావం పెరుగుతుంది. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం తగ్గగానే బాగుపడ్డాననుకుంటారు. ప్రమాదం మొదలయ్యేది అప్పుడే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ రక్తం, మగత, వీటిలో ఏదున్నా ఆస్పత్రికే. దోమలు కుట్టేది ఎక్కువగా పగలు కాబట్టి దోమతెర ఒక్కటే చాలదు, పొద్దునే చేతులకి, మెడకి దోమల మందు రాసుకోవాలి.

వరదనీళ్ళు: ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళలో నడిస్తే లెప్టోస్పైరోసిస్ వస్తుంది. కాలి మీద పుండుంటే మరీను. తప్పనిసరై దిగితే అదే రోజు ఫోను చెయ్యాలి. ముందుజాగ్రత్తగా వేసుకునే యాంటీబయాటిక్ ఉంది, డాక్టరు చెప్తేనే వెయ్యాలి.

నాలుగోది పాదాలు. రోజంతా తడి బూట్లతో నడిస్తే వేళ్ళ మధ్య తెల్లగా ఒరుసుకుంటుంది. రెండు జతలు ఒకరోజు విడిచి ఒకరోజు తొడగాలి, రాత్రి లోపల పాత పేపరు కూరాలి. తోలు అడుగు బూట్లు వద్దు, రబ్బరు అడుగువి. దురద మొదలైతే క్లోట్రిమజోల్ అనే ఫంగస్ మందు పూటకోసారి, తగ్గినట్టనిపించినా ఇంకో రెండు వారాలు. మధ్యలో మానేస్తే మళ్ళీ వస్తుంది.

తుపాను గురించి రెండు మాటలు. జులై నుంచి నవంబరు దాకా ఉత్తర లుజాన్‌కి గట్టి తుపాన్లు తగులుతాయి. 2010లో, 2016లో వచ్చినవి ఇసబెలా ఉన్న కగాయన్ లోయనే తాకాయి. 2020 నవంబరులో మాగత్ డ్యామ్ గేట్లెత్తాక కగాయన్ నది పొంగి ఊళ్ళకి ఊళ్ళే మునిగాయి. హెచ్చరికలు ఒకటి నుంచి ఐదు దాకా సిగ్నల్ నంబర్లలో వస్తాయి, బయటికి ఎప్పుడు వెళ్ళకూడదో మిషన్ వాళ్ళు చెప్తారు. ఆ మెసేజ్ రాగానే డ్రమ్ములు నింపి, పవర్‌బ్యాంకు ఛార్జి పెట్టి, మూడు రోజుల తిండి, నోట్లు, పాస్‌పోర్టు ప్లాస్టిక్ సంచిలో. ఆ సీమలో నది దాటడానికి చప్టాలే ఎక్కువ, ఓవర్‌ఫ్లో బ్రిడ్జి అంటారు. కవాయన్‌లోని అలికావ్‌కావ్ చప్టా వరదొస్తే నీటి కిందకి పోతుంది. పొద్దున దాటి అవతలి బరంగాయ్‌కి వెళ్తే సాయంత్రానికి దారి ఉండదు. ఎగువన కొండల్లో వాన పడుతోందని తెలిస్తే, ఇక్కడ ఎండ కాస్తున్నా ఆ పూట అవతలి ఒడ్డు పని పెట్టుకోకూడదు.

---

విశాఖ_సిస్టర్

ఒకటి మర్చిపోయాను. ప్రతి ఇంట్లో ‘మంగన్ తాయోన్’, తిందాం రండి అంటారు. మర్యాద పిలుపు అది. మొదటిసారి నవ్వి థాంక్స్ చెప్పాలి, రెండోసారీ మూడోసారీ పళ్ళెం తెచ్చి పెడితే కూర్చోవాలి. కాఫీ ఇస్తే మన సంఘంలో తాగం కాబట్టి, ‘సలాబత్ ఉంటే చాలు మానాంగ్’ అనడం నేర్పండి. అల్లం కషాయం, ఏ ఇంట్లోనైనా నిమిషంలో పెడతారు. పెళ్ళిళ్ళలో బాసి అనే, చెరకు రసం పులియబెట్టి చేసిన మద్యం తెస్తారు, అదీ వద్దు. దినర్దరాన్ అంటే పంది రక్తంతో వండిన నల్లటి కూర. పపైతాన్ అంటే మేక బోటీ, పిత్తం వేసి చేదుగా చేస్తారు. తినలేనిది మొదటి ముద్దకి ముందే చెప్పాలి. సగం తిని వదిలేస్తే వండినావిడ చిన్నబుచ్చుకుంటుంది.

---

గోదావరి_రాణి

అందరికీ చెయ్యెత్తి దణ్ణం. ఈ సోమవారం నుంచే వాడి చొక్కాలు వాడే, బకెట్లో, చేత్తో. పప్పు కూడా కుక్కర్ లేకుండానే. అమ్మ ఇస్త్రీపెట్టె పెట్టమంటోంది, పెట్టాలా? ఛార్జర్లు పనిచేస్తాయా?

---

పాత_ఎల్డర్

ఇస్త్రీపెట్టె వద్దు రాణి గారూ, ఆ బరువుకి ఇంకో జత బూట్లు వస్తాయి. అక్కడా 220 వోల్టులే కాబట్టి ఛార్జర్లకి ఇబ్బంది లేదు. కానీ ప్లగ్గు రంధ్రాలు రెండు, బల్లపరుపువి. మన గుండ్రటి మూడు పిన్నులు దూరవు. చిన్న అడాప్టర్లు రెండు పెట్టండి, ఒకటి పోతుంది. చొక్కా పిండకుండా, నీళ్ళు కారుతుండగానే హ్యాంగర్‌కి తగిలించి, బొత్తాలు పెట్టి, కాలరూ ముందుపట్టీ వేళ్ళతో లాగి సర్దితే ఆరేసరికి ఇస్త్రీ చేసినట్టే ఉంటుంది. ఆరు హ్యాంగర్లు పెట్టండి, చెక్కవి కాదు, ప్లాస్టిక్‌వి. తీగ మీద జారిపోకుండా మెడ దగ్గర రబ్బరుబ్యాండు కట్టి పంపండి.